గుత్తిచుక్క పొడిచిన సాయంత్రం

ఆఖరి ఇసుకదిబ్బ కొన మీదికి చేరి, అల్లంత దూరాన నీలంగా మెరుస్తున్న సముద్రాన్ని చూసి "హమ్మయ్య" అనుకున్నాడో లేదో, యువరాజు పృథుసేనుడి కాళ్ళ కింద ఇసుక బుసకొట్టింది.

పదకొండు రోజులుగా ఎడారిలో నడుస్తున్నవాడికి ఆ బుస ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క గెంతు గెంతి పక్కకు దూకాడు. అతను నిలబడిన చోట దిబ్బ నిలువునా చీలి, తాటిమానంత లావున ఇసుకపాము తల పైకెత్తింది. పొలుసుల సందుల్లోంచి ఇసుక జలజలా రాలుతోంది. కళ్ళు రెండూ తోమిన ఇత్తడి పళ్ళేల్లా ధగధగలాడుతున్నాయి. ఆ చర్మం మీద కత్తి గీత కూడా పడదని మూడు రోజుల కిందటే తెలిసిపోయింది కనుక పృథుసేనుడు కత్తి జోలికి పోలేదు.

"అన్నా! అన్నా! అన్నా!" అంటూ అతని భుజం మీది గోరువంక గోల పెట్టింది.

"వింటున్నానమ్మా, చెవులు పనిచేస్తూనే ఉన్నాయి!" అని, పృథుసేనుడు వీపుకు తగిలించుకున్న డాలు ఊడదీసి ఇసుక మీద వెల్లకిలా పడేశాడు. అందులో చతికిలబడి, గోరువంకను ఒడిలోకి లాక్కుని, రెండు అరచేతులతో నేలను వెనక్కి తోశాడు.

డాలు కదిలింది. జారింది. ఆపైన ఎగిరింది. దిబ్బ వాలు మీద అది రివ్వున దూసుకుపోతుంటే గాలి చెవుల్లో హోరుమంది, ఇసుక ముఖాన కొట్టింది, వెనకాల పాము దిబ్బను దున్నుకుంటూ వచ్చిపడింది. ఒకసారి దాని నాలుక యువరాజు తలపాగా కొసను తాకింది కూడా. మరుక్షణం డాలు దిబ్బ అంచు దాటి గాల్లోకి లేచి, రెండు పల్టీలు కొట్టి, ఒడ్డు మీద విరుగుతున్న అలలో ధబాలున పడింది. ఉప్పునీళ్ళ నురుగు మూతికి తగలగానే ఇసుకపాము చివ్వున తల వెనక్కి లాక్కుని, వచ్చినదారినే దిబ్బలోకి దూరిపోయింది.

మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని పృథుసేనుడు పగలబడి నవ్వాడు. తడిసిన రెక్కలు దులుపుకుంటూ గోరువంక అతని వైపు తీక్షణంగా చూసింది.

"పులిహోర," అంది.

యువరాజు నవ్వు ఆగిపోయింది. ఆకలి వేస్తోందని చెప్పడానికి ఆమె దగ్గర మిగిలిన మాట అదొక్కటే.

ఎందుకంటే ఆ గోరువంక గోరువంక కాదు. తరంగపురం రాకుమారి మంజువాణి, పృథుసేనుడికి ఒక్కగానొక్క చెల్లెలు. నాలుగు నెలల కిందట జటాకరాళుడనే మాంత్రికుడు నిండు కొలువులో మంత్రం చదవబోయి వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. ఎప్పుడు మంత్రం ఎత్తుకున్నా మూడు తుమ్ములు రావడం అతనికి గురువు ఇచ్చిన శాపం. ఆ సంగతి తెలియని మంజువాణి మొదటి తుమ్ముకు "నూరేళ్ళు" అంది. రెండో తుమ్ముకు "ఇంకో నూరేళ్ళు" అంది. మూడో తుమ్ముకు "ఇక చాలు తాతగారూ, మాకూ కొన్ని ఏళ్ళు మిగల్చండి" అని కిలకిలా నవ్వేసింది. కొలువంతా నవ్వింది. మాంత్రికుడు ఒళ్ళు మండిపోయి ఆమెను రాతిబొమ్మ చెయ్యబోయాడు. నడుమ తుమ్ములు అడ్డంపడి మంత్రం తప్పడంతో ఆమె పిట్ట అయింది.

పిట్ట అయినా మాటలు పోలేదని మొదట్లో అందరూ సంతోషించారు. కాని రోజూ పొద్దుగుంకగానే కొన్ని మాటలు రాలిపోసాగాయి. తెల్లవారు జాము నుంచి పడుకునే దాకా గలగలా మాట్లాడిన పిల్ల, చూస్తూండగానే నత్తినత్తిగా, ముక్కముక్కలుగా మాట్లాడసాగింది. ఇప్పుడు మిగిలినవి మూడే: అన్నా, వద్దు, పులిహోర. ఇకమీద పొద్దుగుంకినప్పుడల్లా ఒకటి పోతుంది. మూడూ పోయిననాడు తాను మనిషినన్న ధ్యాస కూడా ఆమెకు ఉండదని, ఆపైన దేవుడు దిగివచ్చినా చేసేదేమీ లేదని ఒక వృద్ధముని చెప్పాడు. ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. మధుసైకతమనే సముద్రతీరపు ఎడారిలో ద్రాక్షతోటలున్నాయి. ఏడాదికోసారి అక్కడ సముద్రంలోంచి గుత్తిచుక్క పొడుస్తుంది. ఆ సాయంత్రం కోసిన తొలిగుత్తిని, ఒక్క పండు కూడా వదలకుండా తిన్నవారికి ఎంతటి శాపమైనా తీరిపోతుంది.

గుత్తిచుక్క పొడిచేది ఈ సాయంత్రమే.

పృథుసేనుడు లేచి డాలు తీసుకుంటుండగా చెవి పక్కనుంచి ఒక గులకరాయి సుయ్యిమంటూ పోయింది. అతను చటుక్కున గోరువంకను తలపాగాలోకి దోపి, గుడ్డ సర్దుకుని వెనక్కి తిరిగాడు. ఒడ్డున ఒక పడుచు నిలబడి ఉంది. నల్లగా, నిటారుగా, చీరకొంగు నడుముకు బిగించి, చేతిలో వడిసెల తిప్పుతోంది.

"ఎవరయ్యా నువ్వు? యెడారిలోంచి దొర్లుకుంటా వొచ్చినావు?"

"ద్రాక్ష కోతకు వచ్చిన కూలీనమ్మా," అన్నాడు పృథుసేనుడు వినయంగా.

"కూలీకి డాలెందుకు?"

"జారడానికి."

ఆమె పెదవి మీదికి వచ్చిన నవ్వును ఆపుకుని దగ్గరికి వచ్చింది. "ఆ తలపాగాలో ఏటుంది?"

"తల."

"పులిహోర," అంది తలపాగా.

"నాకూ ఉంది తల," అంది ఆ పడుచు నడుమున చెయ్యి వేసుకుని. "నా తల ఎప్పుడూ ఏదీ అడగలేదు. తియ్యి బయటికి."

ఇక దాచి లాభం లేదని పృథుసేనుడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె పేరు సంపెంగి. తోటలకు పిట్టల కావలి ఆమెదే. మధుసైకతంలో మనిషికి ఎంత మర్యాద జరుగుతుందో పిట్టకు అంత అమర్యాద జరుగుతుంది. వానే పడని ఆ నేలలో ఏడాది పొడుగునా చాకిరీ చేసి పెంచిన పండ్లను గోరువంకల మంద ఒక్క పూటలో ఊడ్చేస్తుంది కనుక ఊరివాళ్ళ కోపంలోనూ అన్యాయం లేదు. సంపెంగి కథంతా విని, గోరువంకను ఎగాదిగా చూసి, వడిసెల నడుముకు దోపుకుంది.

"సాయంత్రం దాకా తలపాగాలోనే ఉంచు. సుక్క పొడవకముందు ఒక్క పండు పొడిచిందా, రాకుమారైనా రాణైనా నా రాయికి ఒకటే."

"వద్దు," అంది మంజువాణి బుద్ధిగా.

సంపెంగి వెంట దిబ్బ మలుపు తిరగ్గానే పృథుసేనుడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఒక పక్క పాలనురుగు అంచు గల నీలి సముద్రం, ఒక పక్క బంగారు రంగు దిబ్బలు, వాటి నడుమ కనుచూపు మేర వేలకొద్దీ గుంతలు. ప్రతి గుంతలోనూ ఒక్కటే ద్రాక్షతీగ. పందిరి లేదు, ఊతకర్ర లేదు. తీగలు నేలనే పరుచుకుని, ఆకుల చాటున నల్లటి గుత్తులను దాచుకున్నాయి. ప్రతి గుంతకూ సముద్రం వైపున నల్లరాళ్ళు అర్ధచంద్రాకారంగా పేర్చి ఉన్నాయి. పగలు ఆ రాళ్ళు ఉప్పుగాలిని ఆపుతాయి. వేకువన సముద్రం మీది మంచు వాటి మీద పేరుకుని బొట్టుబొట్టుగా వేళ్ళలోకి దిగుతుంది. తీగకు అదే వాన, అదే కాలువ. రాయి నల్లన, ఆకు పచ్చన, ఇసుక పచ్చన, ఆ పైన మచ్చలేని ఆకాశం. తరంగపురంలో తన తండ్రి లక్షలు పోసి వేయించిన ఉద్యానవనం ఈ గుంతల ముందు ఎందుకూ పనికిరాదని యువరాజుకు తోచింది.

చూడ్డానికి వచ్చినవాడిని ఊరికే చూడనిచ్చే ఊరు కాదది. గాలికి గుంతల్లో పడిన ఇసుకను చేతులతో ఎత్తిపోసే పని అతనికి అప్పగించారు. గంట గడిచేసరికి యువరాజు నడుము పట్టేసింది. రెండో గంటకు పక్క గుంతల్లో ఆడవాళ్ళు పాడే పాట నోటికి వచ్చేసింది. మధ్యాహ్నం అందరూ కేకలు వేసుకుంటూ సముద్రంలోకి పరుగెత్తి అలల్లో మునకలు వేశారు. తడిబట్టలతోనే కూర్చుని సజ్జరొట్టె, కాల్చిన చేప తిన్నారు. ఇంత రుచిగల తిండి తన జన్మలో తినలేదని పృథుసేనుడు అంటే, "నీ జన్మలో ఇంత పని సేసి ఉండవు" అంది సంపెంగి.

రొట్టెముక్క తలపాగాలోకి జారవేశాడు కాని మంజువాణి పిట్టగొంతుకు అది దిగలేదు. తడి ఆరక తలపాగా ఉక్కపోసి, ఆమె మెల్లగా దిగి ఒక గుంతలో ఆకుల కింద కూర్చుంది. కంటి ముందే పండిన గుత్తి వేలాడుతోంది. పిట్ట కడుపు, పిట్ట నాలుక, పదకొండు రోజుల ఆకలి. ముక్కు ఒకసారి ముందుకు సాగింది. "వద్దు," అని తనకు తానే చెప్పుకుని ముఖం పక్కకు తిప్పుకుంది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ "వద్దు" అంది. రాళ్ళ వెనకనుంచి ఇదంతా చూసిన సంపెంగి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా సంపెంగి తోటల కట్టుబాటు వివరించింది. చుక్కను మొదట చూసి కేకవేసినవారిదే తొలిగుత్తి. ఊరివాళ్ళైనా పరాయివాళ్ళైనా సరే. కాని అందరూ ఒడ్డున ఇసుక దిండు చేసుకుని వెల్లకిలా పడుకునే చూడాలి. నేల మీద నిలబడకూడదు, కూర్చోకూడదు, దేన్నీ ఎక్కకూడదు. తప్పు కేక వేస్తే ఆ ఏటికి వాళ్ళ పని అయిపోయినట్టే, ఇంకోసారి నోరు విప్పడానికి లేదు.

"ఏటా గవరయ్య ఇంటోళ్ళకే దక్కుతాది. అదృష్టవంతులు," అంది దక్షిణపు కొసన పడుకున్న లావుపాటి మనిషిని చూపిస్తూ. "వాళ్ళ తాత కూడా అక్కడే పడుకునేవోడు."

పృథుసేనుడు అటు చూశాడు. దక్షిణపు కొసన ఒడ్డు కొంచెం ఎత్తుగా, చిన్న కట్టలా ఉంది. అతను ఓడల మీద పెరిగినవాడు. నేల మీద ఉన్నవాడికంటే తెరచాప కొయ్య ఎక్కినవాడికి తీరం ముందు కనబడుతుందని పాలు మరచిన నాటినుంచీ తెలుసు. గవరయ్య వంశానిది అదృష్టం కాదు, నాలుగు మూరల ఎత్తు. ఇంతకాలం ఇంతమందీ ఆకాశాన్ని తప్ప నేలను చూసుకోలేదు. కాని ఆ కట్ట మీద ఇక ఖాళీ లేదు.

పశ్చిమాన దిబ్బల వెనక్కి సూర్యుడు దిగాడు, దాంతోపాటే మంజువాణి నోట 'అన్నా' అన్న మాట రాలిపోయింది. ఇసుక కుంకుమ రంగుకు తిరిగింది, సముద్రం ముదురు నీలమైంది. చుక్కవేళ చప్పుడు చెయ్యకూడదు గనుక వడిసెలలన్నీ ఒకచోట కుప్పపోసి ఊరంతా వరసగా పడుకుంది. నడుమన చుక్కలవ్వ పడుకుంది. తొంభై ఏళ్ళ ముసలమ్మ, సంపెంగికి తాతమ్మ, చుక్కల విషయంలో ఆమె మాటే తీర్పు. ఒక్కొక్కటే దీపాలు పెట్టినట్టు తలల మీద చుక్కలు తేలాయి. పిల్లలకోడి ఎక్కడ పొడుస్తుందో, గొల్లకావడి ఎప్పుడు వస్తుందో తల్లులు పిల్లల చెవుల్లో గుసగుసగా చెబుతున్నారు. చిన్నప్పుడు మేడ మీద మంజువాణే తనకు చుక్కలన్నీ నేర్పిందని గుర్తొచ్చి పృథుసేనుడు మళ్ళీ తలపాగాలో చేరిన చెల్లెల్ని గుడ్డ మీదనుంచే నిమిరాడు. నేర్పేటప్పుడు ఎంత విసిగించేదని! ఇప్పుడు మళ్ళీ అలా విసిగిస్తే చాలు.

ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారు. ఒకటి. రెండు. మూడు.

యువరాజు చటుక్కున తల తిప్పి చూశాడు. నలుగురు మనుషుల అవతల, బొంత కప్పుకుని, పక్కన కర్ర పెట్టుకుని ఒక కాషాయపు ముసలాడు పడుకుని ఉన్నాడు. నిన్న వచ్చిన యాత్రికుడని సంపెంగి చెప్పిన మనిషి. తుమ్ముల శాపం తీర్చుకోవడానికి జటాకరాళుడికి కూడా ఆ గుత్తే కావాలి మరి! తుమ్మాడంటే మంత్రం వేశాడన్నమాట. ఏ మంత్రం?

అంతలో సముద్రం అంచున తళుక్కుమని ఒక చుక్క పైకి వచ్చింది. పృథుసేనుడు కేకవెయ్యడానికి నోరు తెరిచాడు.

"వద్దు," అంది తలపాగా మెల్లగా, కాని ఖచ్చితంగా.

అతను నోరు మూసుకున్నాడు. అదే క్షణాన దక్షిణపు కొసనుంచి "వొచ్చింది! వొచ్చింది!" అని గవరయ్య రంకె వేశాడు.

చుక్కలవ్వ అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. "నోరు ముయ్యరా గవరా! నీటిలోంచి లేసిన సుక్క ఇంత కుదురుగా ఉంటదా? ఎర్రగా పచ్చగా తుళ్ళిపడాల. ఇది దీపం. అలకి ఊగుతోంది సూడు. నీ కేక అయిపోయింది, పడుకో."

దీపం టప్పున ఆరిపోయింది. బొంత కింద జటాకరాళుడు ముసిముసిగా నవ్వుకున్నాడు. కట్ట మీదివాడి పీడ విరగడైంది. ఇక అసలు చుక్క పొడిచే గడియ గణితం కట్టి ఉంచుకున్నాడు, రెప్ప వెయ్యకుండా అటే చూస్తున్నాడు. అతన్ని ఓడించాలంటే అతనికంటే ఎత్తునుంచి చూడాలి.

పృథుసేనుడు పడుకునే తలపాగా విప్పాడు. "చెల్లీ, పైకి వెళ్ళు. ఎంత పైకి వెళ్ళగలవో అంత. కనబడగానే నీ దగ్గరున్న మాటల్లో ఏది నోటికొస్తే అది అరిచెయ్యి."

గోరువంక రివ్వున లేచింది. "పిట్ట!" అని ఎవరో వడిసెలల కుప్ప వైపు చెయ్యి చాపారు. సంపెంగి ఆ చెయ్యి పట్టుకుని ఇసుకలోకి అదిమింది. గోరువంక తాటిచెట్టు ఎత్తు దాటింది, దిబ్బల ఎత్తు దాటింది, చిన్న మచ్చ అయింది. కింద నేలంతా ముదురు నీడల్లో ఉంటే దాని రెక్కల మీద మాత్రం ఇంకా పడమటి ఎరుపు మెరుస్తోంది.

"పులిహోర!" అని ఆకాశం నుంచి కేక వినబడింది. "పులిహోర! పులిహోర! పులిహోర!"

ఊరు ఊరంతా తెల్లబోయింది. సముద్రం మీద ఏమీ లేదు. పది ఊపిరులు తీసుకునేంతసేపు గడిచింది. అప్పుడు నీటి అంచున ఎర్రగా, పచ్చగా, తెల్లగా తుళ్ళిపడుతూ గుత్తిచుక్క తల ఎత్తింది.

"వచ్చింది!" అని జటాకరాళుడు గావుకేక పెట్టాడు. "మొదట చూసినవాణ్ణి నేను! గుత్తి నాది!"

"కాదు సామీ," అంది చుక్కలవ్వ లేచి కూర్చుంటూ. "పిట్ట ముందు కేకేసింది."

"పిట్టా? పులిహోర అనడం కేకా? అసలు అదేమి మాట?"

"అదేటో నాకూ తెలవదు. ఏ మాట అనాలో మా కట్టులో నేదు. సూసినోళ్ళు అరవాల, అంతే. అరిసింది."

"వెల్లకిలా పడుకునే చూడాలి కదా!"

"ఎందుకంటాం అలాగ? ఎవరూ నిలబడకుండా, ఎవరి బుజాలూ ఎవరూ ఎక్కకుండా. ఈ పిట్ట నేల మీద నిలబడిందా? నేదు. కూకుందా? నేదు. దేన్నైనా ఎక్కిందా? అదీ నేదు." చుక్కలవ్వ బోసినోరు తెరిచి నవ్వింది. "మరి తప్పేటి?"

"పిట్ట మన పగదే గదా అవ్వా," అని గొణిగాడు గవరయ్య.

"ఆకలితో మలమలమాడతా పండు ముందర పూటంతా కూకుంది. ముట్టలేదు. నేను సూసినాను," అంది సంపెంగి. "నువ్వైతే ఆగేవోడివా మావా?"

అందరూ గొల్లుమన్నారు. తీర్పు అయిపోయింది. చుక్కలవ్వ తన చేత్తో కొడవలి పట్టి తొలిగుత్తి కోసింది. అందులో ఇరవైఒక్క పండ్లున్నాయి. మంజువాణి దిగివచ్చి పృథుసేనుడి అరచేతిలో వాలి, మొదటి పండు కంఠంలోకి దించింది. ఒకటి, రెండు, అయిదు, పది. పదిహేనో పండుకు పొట్ట బండలా అయింది. పద్దెనిమిదో దానికి కళ్ళు తేలవేసింది. "ఇంకా మూడేనమ్మా, మా తల్లివి గదూ," అని యువరాజు బతిమాలుతున్నాడు. చుట్టూ పిల్లలు లెక్కపెడుతున్నారు.

జటాకరాళుడు బొంత విసిరేసి మంత్రదండం ఎత్తాడు. మూడు తుమ్ములతో పాటే ఇసుక సుడిగాలి లేచింది. పృథుసేనుడు డాలు అడ్డం పెట్టి దాని చాటున చెల్లెల్ని దాచాడు. ఇసుక డాలును బాదింది, అతని చేతుల మీద తోలు లేచిపోయింది. అతను కదలలేదు. డాలు వెనక ఇరవయ్యో పండు వెళ్ళింది. ఇరవై ఒకటో పండు గొంతులో అడ్డుపడింది, దిగింది.

గాలి ఆగిపోయింది. యువరాజు చేతిలోంచి రెక్కలు మాయమై, అతని ఒడిలో పొట్ట పట్టుకుని ఒక పదహారేళ్ళ పిల్ల కూర్చుని ఉంది.

"అమ్మో, ఇక ఈ జన్మలో ద్రాక్షపండు తినను! అన్నయ్యా, ఆ తలపాగా గుడ్డ ఎన్నాళ్ళైంది ఉతికి? నాలుగు నెలలుగా చెబుదామంటే మాటలు లేవు! దిబ్బ మీదనుంచి అలా జారతారా ఎవరైనా? అవ్వా, మీ తీర్పు ఎంత బాగుందో! సంపెంగీ, పులిహోరంటే ఏమిటో నేను చెబుతాను, అన్నంలో చింతపండు పులుసు..."

పృథుసేనుడు నవ్వుతూ ఏడ్చాడు. ఏడుస్తూ నవ్వాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎవరో డప్పు అందుకున్నారు.

"రాయివై పడుండు!" అని పెద్దగా అరుపు వినబడింది. జటాకరాళుడి దండం మంజువాణి వైపు తిరిగింది. యువరాజుకు ఆలోచించే వ్యవధి లేదు. ఉన్నా వేరే ఆలోచన వచ్చేది కాదు. ఒక్క ఉరుకున చెల్లెలికి అడ్డం వెళ్ళాడు. ఒక తుమ్ము, రెండు, మూడు, ఆకుపచ్చటి పొగ. పొగ విడిపోయేసరికి అక్కడ రాయి లేదు, రాకుమారుడూ లేడు. పొడుగుమెడ మీద ఎర్ర తలపాగా గుడ్డ వేలాడుతూ, కోలముఖంతో ఒక ఒంటె నిలబడి ఉంది.

"అన్నయ్యా!" అని మంజువాణి దాని మెడను వాటేసుకుంది. అందరూ గుత్తి వైపు చూశారు. ఉత్త తొడిమె మిగిలింది. "ఒక్క పండైనా మిగల్చలేదే!" అని ఆమె బావురుమంది.

జటాకరాళుడు ఈల వేశాడు. దిబ్బ చాటునుంచి వచ్చిన నల్లగుర్రం మీదికి ఎగిరి కూర్చుని, సముద్రపుటొడ్డున దక్షిణంగా దౌడు తీశాడు.

చుక్కలవ్వ ముందుకు వచ్చింది. "ఏడవడానికి పొద్దు నేదు తల్లీ. వాడి కర్ర విరిస్తే మీ అన్న మనిషవుతాడు. తెల్లారేలోగా విరవాల. దాటితే ఒంటె ఒంటే."

మంజువాణి కళ్ళు తుడుచుకుంది. నాలుగు నెలలుగా వెతికినా జాడ తెలియనివాడు ఇప్పుడు కళ్ళెదుటే పారిపోతున్నాడు. ఆమె ఒక్క గెంతున ఒంటె వీపు మీదికి ఎక్కింది. సంపెంగి తన వడిసెల, గుప్పెడు గులకరాళ్ళు ఆమె ఒడిలో పడేసింది.

"నాకు తిప్పడం రాదు!"

"దారిలో నేర్సుకో. రాయి దాని పాటికి అదే పోతాది, నువ్వు చెయ్యి వొదలాలంతే!"

చెల్లికి ధైర్యం చెబుదామని పృథుసేనుడు నోరు తెరిచాడు. గుర్రుమని ఒక చప్పుడు మాత్రం వచ్చింది. అతనికి భయం వెయ్యలేదు, ఆశ్చర్యం వేసింది. పొద్దున అరికాళ్ళు కాల్చిన ఇసుక ఇప్పుడు పరుపులా మెత్తగా ఉంది. నాలుగు కాళ్ళూ పరుగుకు ఉవ్విళ్ళూరుతున్నాయి. దూరాన చుక్కల వెలుగులో గుర్రం వెనకకాళ్ళు లేపుతున్న నురుగు కూడా స్పష్టంగా కనబడుతోంది.

"పద అన్నయ్యా! అదుగో, ఒడ్డు మలుపు తిరుగుతున్నాడు. తడి ఇసుకలో పరుగెత్తు, గట్టిగా ఉంటుంది. తల కాస్త దించు, నాకేం కనబడ్డం లేదు. ఆ ముసలాడి కర్ర నేను విరుస్తాను చూడు, విరిచి పొయ్యిలో పెడతాను. అలిసిపోతే చెప్పు. చెప్పలేవు కదూ, పాపం! పోనీ, తల ఊపు. ఇన్నాళ్ళూ నేను ఎలా ఉన్నానో ఇప్పుడు తెలిసిందా? ఏం ఫర్వాలేదు, నేనున్నాను. ఇద్దరికీ సరిపడా నేను మాట్లాడతాను..."

ఎగిసే అలల తుంపర ముఖాన కొడుతుంటే, ఆ మాటల్లో ఒక్కటి కూడా జారిపోకుండా వింటూ, పృథుసేనుడు మాంత్రికుడి వెంట పడ్డాడు.